తప్పెట దెబ్బకు గీత

ముప్పై ఒకటో ఏట అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చిన మనిషిని ఎవరైనా మెచ్చుకుంటారు. నేను చీవాట్లు పెట్టాను.

బెంగాల్లో ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్‌లో మన శ్రీకాకుళం వాళ్ళ కాలనీ ఒకటుంది. తాతల నాడు రేవులో మూటలు మోయడానికి వచ్చిన వాళ్ళ పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ అందులో ఉంటారు. ఆ కాలనీ క్లబ్బు గదిలో పద్దెనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున నేను తెలుగు చెబుతున్నాను. బ్యాంకు ఉద్యోగం మీద ఈ ఊరొచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయినదాన్ని. నా పేరు భానుమతి, కాలనీలో అందరికీ టీచరమ్మని. అక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బళ్ళో హిందీ మాట్లాడేస్తారు. చదవమంటే మాత్రం ఒక్కరికీ నోరు పెగలదు. నా క్లాసు నుంచి మూడో వారమే వెనక గుమ్మంలోంచి పారిపోయిన మొట్టమొదటి పిల్ల ఈ రమాకుమారి. అప్పుడు దానికి పదమూడేళ్ళు.

అలాంటిది, కిందటేడు మే నెలలో ఒక ఆదివారం ఆఫీసు చీర కట్టుకుని వచ్చి, చిన్నపిల్లల మధ్య చాప మీద కూర్చుంది.

"రావమ్మా మహారాణీ! తెలుగు ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా?" అన్నాను, పిల్లలందరూ వినేలా.

రమాకుమారి తలొంచుకోలేదు. "నాన్నకి సెవులు పూర్తిగా పోనాయి టీచరమ్మా. ఆయన ఊళ్ళో అయిదు దాకా సదివినాడు, తెలుగొక్కటే సదవగలడు. నాకు మాటాడ్డం వొచ్చుగానీ రాయడం రాదు. ఇంట్లో మాటల్లేవు" అంది.

ఆ రోజే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని 'అ' దిద్దించాను.

అయిదు వారాల్లో రాసేసింది. ఒత్తులన్నీ తప్పులే, 'ణ' ఎక్కడ కనిపించినా 'న' చేసి పారేసేది, అయినా తండ్రికి అర్థమయ్యేలా రాసింది. రాత్రి భోజనం దగ్గర, పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు పలక మీద రాసి చూపించేది. ఆయన చదివి నోటితో జవాబు చెప్పేవాడు. వాళ్ళమ్మ జగ్గమ్మకు చదువు రాదు గనక, మొగుడితో పోట్లాడాలన్నా కూతురితో రాయించుకోవాల్సి వచ్చేది.

తండ్రి గోవిందరాజు పని ఓడల తుప్పు కొట్టడం. మరమ్మతుకు వచ్చిన ఓడ కడుపులోకి దిగి, సుత్తితో ఇనుప గోడల మీది తుప్పు పెచ్చులు రాలగొట్టి, గీకి శుభ్రం చేసి, ఎర్రరంగు పూసి పైకి రావాలి. ఇనప్పెట్టెలో కూర్చుని పదిమంది ఒకేసారి సుత్తులు వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక కంట్రాక్టరు కాకపోతే ఇంకొక కంట్రాక్టరు, అలా ముప్పై రెండేళ్ళు చేశాడు. చెవులకు దూదే దిక్కు. మధ్యలో చెవి మిషను కొన్నారు. అందులో కాకి అరుపూ పెళ్ళాం అరుపూ ఒకే హోరుగా వినబడుతున్నాయని రెండు వారాలకే తీసి పప్పు డబ్బాలో పడేశాడు.

కానీ కాలనీలో ఆయన్ని తుప్పు కొట్టే గోవిందరాజు అని ఎవరూ అనరు. తప్పెటగుళ్ళ గోవిందరాజు అంటారు. రేకు తప్పెటను మెడకు తగిలించి, గుండె మీదికి లాక్కుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో ఇరవై మంది గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట అది. ప్రతి ఏప్రిల్లో గంగమ్మ సంబరానికి కాలనీ వాళ్ళు ఆడతారు. ఆ ఇరవై మందికీ ఆయన గురువు. నడక మార్చే దెబ్బ గురువుదే. ఆయన కొట్టాలి, మిగతావాళ్ళు ఆయన పాదాలు చూస్తూ అందుకోవాలి. నెమ్మది నడక నుంచి ఉరుకు నడకలోకి వెళ్ళే ఆ ఒక్క దెబ్బ తేడా వస్తే ఇరవై జతల కాళ్ళు చిక్కుపడిపోతాయి.

ఆ దళంలో ఒక కట్టుబాటు ఉంది. ఆటలో ఉండగా గురువు తప్పును శిష్యులు ఎత్తి చూపకూడదు. గురువు ఆలస్యమైతే తామూ ఆలస్యం చేసి సర్దుకోవాలి. ఈ మర్యాద కొంపలు ముంచింది. చెవులు పోతున్న కొద్దీ గోవిందరాజు దెబ్బ వెనకపడింది. శిష్యులు సర్దుకున్నారు. ఆయన తాను సరిగ్గానే వాయిస్తున్నానని అనుకున్నాడు. రెండేళ్ళు అలా నడిచింది. కిందటేడు సంబరంలో నడక మారే ఒక మలుపు దగ్గర సగం మంది గురువుతో పోయారు, సగం మంది పక్కవాడితో పోయారు. శిష్యుల్లో మల్లేశు అనేవాడు కాళ్ళు మెలికపడి సిమెంటు మీద పడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది.

ఆ రోజు చెప్పారు ఆయనకు, రెండేళ్ళుగా తప్పుతున్నావని. చెప్పారంటే, చేతులతో సైగలు చేశారు. వచ్చే ఏడు మల్లేశు గురువు అన్నారు. గోవిందరాజు గజ్జెలు విప్పి మల్లేశు పక్కన పెట్టి ఇంటికొచ్చి కూర్చున్నాడు. "మడిసి గాదమ్మా, గోడకి ఆనించిన నిచ్చెన లాగున్నాడు" అని జగ్గమ్మ నాతో ఏడ్చింది.

రమాకుమారి పంతం అప్పుడు మొదలైంది. మరుసటి సంబరానికి తండ్రి మళ్ళీ ముందు నిలబడాలి. ఆ పంతం మాట ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా చాలా రోజులకు గానీ తెలియలేదు.

ఆ పిల్ల కంటైనర్ల గోదాము ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. రోజూ నాలుగు గంటలు కూర్చుని జాబితాలు కొట్టాల్సిన పని. విసుగెత్తి, ఫోన్లో ఉచితంగా దొరికే పాఠాలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. నాలుగు గంటల పని పది నిమిషాల్లో అయిపోయేది. ఆ సంగతి ఏడాది పాటు మేనేజరుకు చెప్పలేదు. నా దగ్గర్నుంచి పారిపోయిన తెలివే అది, అక్కడ పనికొచ్చింది.

"పలక మీద మాట రాయొచ్చు టీచరమ్మా, తప్పెట ఎలాగ రాస్తాం?" అని అడిగింది ఒకసారి. నాకు తెలిస్తేగా! చివరికి తనే దారి వెతుక్కుంది. చాందినీ బజారులో కొన్న పాత లాప్‌టాప్, చుట్టూ ఉన్న శబ్దాన్ని వింటుంది. వింటూనే తెర మీద గుండ్రంగా గీతలు గీస్తుంది. గట్టి శబ్దమైతే లావు గీత, మెల్లని శబ్దమైతే సన్న గీత. బొంగురు శబ్దం లోపలి వైపు పడుతుంది, కీచు శబ్దం అంచు వైపు పడుతుంది. తాళం ఒక చుట్టు తిరిగితే తెర మీద ఒక చక్రం పూర్తవుతుంది. దాని బయట ఇంకో చక్రం మొదలవుతుంది. ఇంతే దాని సూత్రం. కానీ ఈ 'ఇంతే' దగ్గరికి రావడానికి వానాకాలమంతా పట్టింది. ఫ్యాను చప్పుడుకు గీతలు, వీధిలో ఆటో హారనుకు గీతలు, తెరంతా గీతలే. ఒక్కొక్కదాన్నీ ఏరి పారేసింది.

మొదటిసారి చూసి జగ్గమ్మ, "ఏటే ఇది, అట్టు మీద సిల్లుల్లాగ!" అని పెదవి విరిచింది. గోవిందరాజు తల కూడా తిప్పలేదు. అంతలో వంటింట్లో కుక్కరు కూసింది. తెర మీద అంచు దాకా తెల్లటి ముల్లొకటి లేచింది. ఆయన చూశాడు. కాసేపటికి ఇంకో ముల్లు. వంటింటి వైపు చూశాడు. మూడో ముల్లు లేవగానే మంచం దిగి, "జగ్గీ, మూడో కూత! దించీ!" అని కేకపెట్టాడు. ఏప్రిల్ తర్వాత ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వింది ఆ రోజేనట.

ఆ తర్వాత పాత సంబరాల వీడియోలు ఫోన్లోంచి వినిపించి బొమ్మలు గీయించింది. ఆయన భోజనానికి కూడా లేవకుండా చూశాడు. చూసి చూసి, అటక మీదున్న తప్పెట దింపాడు.

అసలు కథ ఇక్కడ మొదలు. చాందినీ బజారులో రూపాయి బిళ్ళంత ఇత్తడి రేకులు దొరుకుతాయి, తాకిడిని పసిగట్టేవి. ఒకటి తెచ్చి తండ్రి తప్పెట లోపల అతికించింది. ఆయన దెబ్బ ఎరుపు. దళం అంతటి దెబ్బ మైకులోంచి వస్తుంది, అది నీలం. దసరా పూజ సెలవులకు ముందు ఆదివారం, నా క్లాసు అయ్యాక, క్లబ్బు గదిలో అందరూ ఒక గంట వాయించారు. కర్ర పట్టుకుని మల్లేశు కూడా వచ్చాడు. రమాకుమారి తెరను తన వైపే తిప్పుకుంది. దాని భుజం మీదుగా నేను చూశాను. నాకు తాళజ్ఞానం సున్నా, అయినా తెలిసిపోయింది. నీలం గీతలు చక్రంలో ఆకుల్లా వరసగా ఉన్నాయి. ఎరుపు వాటి వెనక పడుతూ లేస్తూ వస్తోంది. నడక మారే చోట అయితే పూర్తిగా గీత తప్పి బయటపడింది.

"సెలవుల్లో చూపిస్తాను" అని తండ్రికి పలక మీద రాసి, నాతో ఆటోస్టాండు దాకా వచ్చింది. దారిలో, "ఇది సూస్తే ఆయన మరి తప్పెట ముట్టడు టీచరమ్మా" అంది.

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయక తప్పదు. "కాస్త సర్దెయ్యవే. ఫొటోల్లో మొటిమలు తీసెయ్యడం లేదూ? ముసలాయన సంతోషిస్తాడు." తప్పులు దిద్దే పంతులమ్మని కదా, దిద్దడం తప్ప నాకేం తెలుసు!

సర్దింది. ప్రోగ్రాములో ఒకే ఒక్క వరస చేర్చిందట. దెబ్బ తాళానికి దగ్గరలో పడితే దాన్ని లాగి తాళం మీద కూర్చోబెడుతుంది. బొమ్మ ఎంత అందంగా తయారైందో చెప్పలేను. ఎరుపూ నీలమూ ఒకదానిలో ఒకటి అల్లుకుని, లోపలి నుంచి బయటికి విచ్చుకుంటూ, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఆఫీసులో శౌభిక్ దా, అంటే శౌభిక్ అన్నయ్య, చూసి "దారుణ్!" అన్నాడట. బెంగాలీలో అది మెచ్చుకోలే, కంగారు పడకండి. వాళ్ళ వీధి పూజ కమిటీ వచ్చే ఏడు పందిట్లో దీన్ని బట్ట మీద అచ్చువేయిస్తామని కూడా అంది.

పూజ సెలవుల్లో నేనూ ఉండగానే తండ్రికి చూపించింది. గోవిందరాజు కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు. ఏ రోజుది అని అడిగాడు. మొన్నటి ఆదివారానిదని రాసింది. ఆయన వేలు చక్రాల మీద ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళి నడక మారే చోట ఆగింది.

"ఇక్కడ నాను తప్పినాను. కాలు పడిపోనాక సెయ్యి పడింది. సెవులకి తెలీకపోయినా ఒంటికి తెలుస్తాది. ఆ తప్పు ఇందులో ఏదే?"

రమాకుమారి పలక తియ్యలేదు.

"తుప్పు మీద రంగేసినావేటే?"

ఆ మాటకు ఆ పిల్ల మొహం ఎలా మారిపోయిందో! తుప్పు కొట్టేవాళ్ళ ఇళ్ళల్లో అంతకు మించిన తిట్టు లేదని నాకు తర్వాత తెలిసింది. గీకకుండా రంగు పూసేవాణ్ణి వాళ్ళు పక్కన కూర్చోనివ్వరు.

"పైకి నున్నగుంటాది. లోపల రేకు తినేస్తాది. సముద్రం మీద ఓడకి సిల్లు పడ్డాక గానీ తెలీదు. ఆళ్ళు రెండేళ్ళు నాకు అదే సేసినారు. మల్లేశు కాలిరిగింది. ఇపుడు నువ్వూ అదే సేసినావు. నా కూతురివై సేసినావు" అన్నాడు. అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆయనతో మాట్లాడాలంటే ఆయన పలక చూడాలి. మూడు రోజులు చూడలేదు. క్షమించమని కూడా చెప్పుకోలేని స్థితి ఎవరికీ రాకూడదు. రమాకుమారి ఆ మూడు రోజులూ ఆయన మంచం పక్కనే నేల మీద కూర్చుంది. నాలుగో రోజు నేనే వెళ్ళి, ఈ సలహా నాదేనని పలక మీద పెద్ద అక్షరాలతో రాసి ఆయన మొహం ముందు పెట్టాను. చదివి, "మీరు బేంకీవోరు టీచరమ్మా. మీకు తుప్పు తెల్దు. దానికి తెలుసు" అన్నాడు. నాకు సిగ్గేసింది.

అయితే ఆ మాట అన్నాక లేచి కూర్చున్నాడు. "అసలుది సూపించు. ఉన్నది ఉన్నట్టు."

చూపించింది. ఎరుపు గీతలు ఎక్కడెక్కడ జారాయో అన్నీ చూశాడు. నొప్పి పడ్డాడో లేదో తెలియదు గానీ, లెక్క మాత్రం తేల్చాడు. నడక మార్చింది ఇరవై సార్లు, తప్పింది తొమ్మిది సార్లు. "రేపు పొద్దున్నే లేపీ" అని కూతురికి చెప్పి అన్నం తిన్నాడు.

మర్నాటి నుంచి తండ్రీకూతుళ్ళిద్దరూ పంతానికి పడ్డారు. మొదట తెర చూస్తూ వాయిద్దామనుకున్నాడు. కుదరలేదు. కంప్యూటరు విని గీయాలి, కన్ను చూడాలి, అప్పుడు చెయ్యి లేవాలి. ఎప్పుడూ ఆలస్యమే. రమాకుమారి మూడు వారాలు ప్రోగ్రాముతో కుస్తీ పట్టి ఆ ఆలస్యాన్ని సగం చేసింది, అంతకంటే తగ్గలేదు. ఒకరోజు ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే ఆయనే అన్నాడు: "ఒగ్గీయే. ఇది అద్దం. బొట్టెట్టుకున్నాక వంకరుందో నేదో అద్దం సెప్తాది. బొట్టు పెట్టమంటే పెడతాదేటి?"

అప్పుడు ఆయన చేసిన ఉపాయం చూడండి. రేవులో పారేసిన పొడుగాటి చెక్క ఒకటి మోయించుకొచ్చి గుమ్మం ముందు వేశాడు. ఒక కొసన తను చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. రెండో కొసన కూతురు గజ్జెలు కట్టుకుని అడుగులు వేయాలి. ఆ అదురు చెక్కలోంచి ఆయన అరికాళ్ళకు అందుతుంది. దాన్ని బట్టి వాయించి, ఆపి, వెళ్ళి తెర చూసుకునేవాడు. మళ్ళీ వచ్చి నిలబడేవాడు. రోజూ ఆఫీసుకు ముందు గంటన్నర. ఆడపిల్ల గజ్జెలు కట్టి తప్పెటగుళ్ళ అడుగులేమిటని పక్కింటి అమ్మన్నమ్మ దెప్పితే, "నీ ఇంట్లో ఎవులైనా ఉంటే పంపమ్మా, కాళ్ళు నొప్పెడతన్నాయి" అంది రమాకుమారి. నిజంగానే పాదాలు వాచాయి. జగ్గమ్మ వేడినీళ్ళలో ఉప్పు వేసి తెచ్చి, తిడుతూ కాపడం పెట్టేది.

తొమ్మిది తప్పులు డిసెంబరుకు అయిదయ్యాయి. సంక్రాంతి వెళ్ళేసరికి రెండు. ఆ రెండూ కదలలేదు. నెల గడిచినా ఇరవై మలుపుల్లో ఒకటో రెండో జారుతూనే ఉన్నాయి. ఒకటి ఎప్పటికీ పోదేమోనని ఆ పిల్ల నాతో అంది. ఆయన మాత్రం ఏ రోజుకా రోజు గీత చూసుకుని, తల ఊపి, తప్పెట తగిలించేవాడు.

ఫిబ్రవరిలో మల్లేశు ఇంటికి వెళ్ళారు. నన్నూ పిలిచారు. మల్లేశు చెడ్డవాడు కాదు. గురువుకు కుర్చీ వేసి, తను మోకాలు చాపుకుని నేల మీదే కూర్చున్నాడు. "గురువా, నాకు ఇద్దరు గుంటపిల్లలున్నారు. ఇంకో కాలిరిగితే నాకు పనెవుడిస్తాడు?" అన్నాడు. రమాకుమారి ఒక్క ముక్క మార్చకుండా రాసి చూపించింది.

గోవిందరాజు చదివి తలూపాడు. "గోడ మీద బొమ్మెయ్యండి. ఆడినంతసేపూ అందరూ సూస్తారు, నానూ సూస్తాను. మీ కాలు సిక్కుపడేలాగ నాను తప్పితే, నాకు నానే దిగిపోతాను. మరి ఏ సంబరానికీ అడగను."

"ఆటలో ఉండగా గురువు తప్పు సెప్పకూడదు కద!" అన్నాడు మల్లేశు.

రమాకుమారి రాసింది. ఆయన నవ్వాడు. "మీరు సెప్పొద్దు. గోడ సెప్తాది."

ఏప్రిల్లో సంబరం రోజు సాయంత్రం ఆరున్నరకల్లా కాలనీ పక్క గోదాము వెనక గోడకు సున్నం కొట్టి సిద్ధం చేశారు. శౌభిక్ దా తన వీధి క్లబ్బు నుంచి ప్రొజెక్టరు తెచ్చాడు. కాలనీ అంతా ఉంది. నేను రమాకుమారి పక్కన, లాప్‌టాప్ దగ్గర కూర్చున్నాను. అది నెమ్మదిగా నా చెవిలో, "టీచరమ్మా, ఆ సర్దే వరస తీసెయ్యలేదు. ఈ మీట కింద పెట్టినాను. నొక్కితే ఎవులికీ తెలీదు" అంది. వేలు దాని పక్కనే ఉంది.

ఆట మొదలైంది. గోడ మీద మధ్యలో చిన్న చుక్క, దాని చుట్టూ చక్రం, దాని చుట్టూ ఇంకోటి. గజ్జెలకు సన్నటి పసుపు చుక్కలు చిమ్ముతున్నాయి. నీలం, దాని పక్కనే ఎరుపు. మొదటి మలుపు సరిగ్గా పడింది. రెండోది, మూడోది. జనం మొదట బొమ్మను వింతగా చూశారు, తర్వాత చదవడం నేర్చుకున్నారు. ఎరుపు సరిగ్గా కూర్చున్నప్పుడల్లా పిల్లలు అరుస్తున్నారు. ఆరు మలుపులు అలా దాటాయి.

ఏడో మలుపులో ఎరుపు గీత చక్రంలోంచి బయటికి దూకింది.

అంత గోడ మీద అంత ఎర్రగా. జనం ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. వలయం తూగింది. మల్లేశు మొహంలో భయం నాకు కనబడింది. "నొక్కవే!" అన్నాను. అది కదల్లేదు. నేనే చెయ్యి చాపాను. రమాకుమారి నా మణికట్టు పట్టుకుంది. దాని చెయ్యి చెమటతో జారిపోతోంది, అయినా వదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చూపు మాత్రం తండ్రి మీదే ఉంది.

గోవిందరాజు గోడ చూశాడు. రెండు చేతులూ తప్పెట మీద నుంచి ఎత్తేశాడు. చేతులు గాల్లో ఉన్నాయి గానీ కాళ్ళు ఆగలేదు. నెమ్మది నడకలోనే, బరువుగా అడుగులు వేస్తున్నాడు. ఇరవై మంది ఆయన పాదాలే చూస్తున్నారు. మల్లేశు గట్టిగా నేలను తన్నాడు, మిగతావాళ్ళూ తన్నారు. ఆ అదురు ఆయన అరికాళ్ళకే కాదు, నేను కూర్చున్న బల్లకు కూడా తెలిసింది. ఒక చుట్టంతా గోడ మీద ఎరుపు లేదు, పసుపు చుక్కలూ నీలమూ మాత్రమే ఉన్నాయి. చుట్టు పూర్తయ్యే చోట ఆయన చేతులు దిగాయి. నడక మార్చే దెబ్బ మళ్ళీ కొట్టాడు. ఎరుపు నీలం మీద కూర్చుంది. వలయం ఉరికింది.

ఇంకో పదమూడు మలుపులున్నాయి. ఒక్కటీ తప్పలేదు.

ఆట అయ్యాక గోవిందరాజు మాట ప్రకారం గజ్జెలు విప్పబోయాడు. మల్లేశు కుంటుకుంటూ వచ్చి ఆ చేతులు పట్టుకున్నాడు. "రాయమ్మా" అని రమాకుమారితో అన్నాడు. "ఎవుల కాలూ సిక్కుపడనేదు. అంతకుముందు తప్పినపుడు నీకు తెల్దు, మాకు సెప్పే ధైర్యం నేదు. ఇయ్యాల నీకు తెలిసింది, ఆగినావు. నాకంతే సాలు గురువా." రమాకుమారి రాసింది. అన్ని ఒత్తులూ తప్పే. నేను దిద్దలేదు.

ఆ రాత్రి గోడ మీద పడ్డ బొమ్మను శౌభిక్ దా పెద్దగా అచ్చువేయించి తెచ్చాడు. ఇప్పుడది క్లబ్బు గదిలో, నా నల్లబల్ల పక్కన వేలాడుతోంది. తెలియనివాళ్ళు పువ్వంటారు, సూర్యుడంటారు. బాగా చూసినవాళ్ళు మాత్రం ఆ ఒక్క చోట ఆగిపోతారు. బయటికి పొడుచుకొచ్చిన ఎర్రగీత, దాని తర్వాత ఎరుపు లేని చుట్టు. శౌభిక్ దా ఆ గీతను తుడిచేస్తే ఇంకా బాగుంటుందన్నాడు. రమాకుమారి వినలేదు.

మొన్న ఆదివారం గోవిందరాజు వచ్చి ఆ బొమ్మ ముందు నిలబడితే, నేనూ పలక తీసుకుని అడిగాను: "పేరున్న గురువు గారు, అందరూ చూసే చోట తప్పును ఎందుకు పెట్టుకున్నారు?"

ఆయన చదివి, నాకేసి జాలిగా చూశాడు.

"అదొక్కటీ తీసేస్తే, మిగతావి నానే కొట్టినానని ఎవుడు నమ్ముతాడు టీచరమ్మా?"